తెలంగాణ రైతాంగ పోరాటం: కారణాలు, విజయాలు, మనకు పాఠాలు

(జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కమ్యూనిస్టు విప్లవం – దాని కారణాలు, విజయం" అనే విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ మాట వినగానే ఎవరికైనా పెట్రోగ్రాడ్ నగరం, 1917 సంవత్సరం స్ఫురిస్తాయి. అక్కడికి తప్పక వెళదాం. కాని మనం బయలుదేరేది సికింద్రాబాద్–కాజీపేట మార్గంలోని జనగామ స్టేషన్ నుంచి. ఆ తాలూకా పల్లెలలోనే, మన తెలుగు నేలపై కమ్యూనిస్టుల నాయకత్వాన సాగిన అతిపెద్ద రైతాంగ తిరుగుబాటు రాజుకున్నది. అది 1946 నుంచి 1951 దాకా నడిచింది.

సభ ప్రారంభానికి ముందు ఒక యువ ఉద్యోగి నన్ను పక్కకు పిలిచి ఇలా అడిగాడు: "తెలంగాణలో చివరకు ఆయుధాలు దించారు. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఓడిపోయినవారి కథ మాకెందుకండీ?" ఈ ప్రశ్నలో ఎగతాళి లేదు, నిజాయితీ ఉన్నది. దీనిని దాటవేసి ఉపన్యాసం ముగిస్తే నేను నా పని చేయనట్లే. ఈ ప్రసంగమంతా ఆ యువకునికి నా సమాధానంగానే భావించండి.

నేను చెప్పదలచినది ఒక్కటే. విప్లవానికి కారణాలుండటం వేరు, విప్లవం జయించడం వేరు. కారణాలు పల్లెలోనూ పుట్టవచ్చు, కర్మాగారంలోనూ పుట్టవచ్చు. జయించాలంటే మాత్రం రెండూ చేతులు కలపాలి. ఆ రెంటినీ కలిపే దారులు, అంటే రైలుమార్గమూ తంతీ తపాలా, మన శాఖల చేతులమీదుగానే నడిచాయి. అందుచేత ఈ కథ మనకు పరాయి కథ కాదు.

మన పూర్వులు ఊరెందుకు విడిచారు?

ముందుగా మనలను గురించి రెండు మాటలు. మనం కూర్చున్న ఈ పేట పేరులోనే బర్మా గనులున్నాయి. దగ్గరలోని టాటానగర్ స్టేషన్ పూర్వనామం కాలీమాటి. మన తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు కొందరు రంగూన్ ఓడ ఎక్కారు. మరికొందరు బెంగాల్–నాగపూర్ రైలెక్కి ఖరగ్‌పూర్‌లోనో, ఇక్కడనో దిగారు. ఓడ ఎక్కినవారినీ, రైలెక్కినవారినీ ఊరినుంచి తరిమినది ఒక్కటే: చాలని భూమి, తీరని అప్పు.

కనుక ఇక్కడి తెలుగు కార్మికుడు పుట్టుకతో రైతుబిడ్డ. మొదటి తరంవారి జీతంలో ఒక భాగం నెలనెలా మనియార్డరుగా ఊరికి వెళ్ళేది. ఆ ఫారం అడుగున ఉండే చిన్న కాగితం ముక్కమీద "నాట్లు వేశారా? ఎద్దును అమ్మవద్దు" అని రెండు మాటలు రాసేవారు. ఇక్కడ కౌంటరులో ఆ డబ్బు కట్టించుకున్నవాడు, రాత్రంతా రైలుబండిలో నిలబడి ఉత్తరాలు వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. సార్టరు, అక్కడ గడపలో ఆ డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన పోస్టుమాన్, ముగ్గురూ కార్మికునికీ రైతుకూ నడుమ వంతెనగా నిలిచినవారే. ఈ సంబంధం నిత్యజీవితంలో ఉన్నది. ఉద్యమంలో ఎందుకు లేకపోయిందన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

కారణాలు

హైదరాబాద్ సంస్థానం నిజాం ఏలుబడిలో ఉండేది. సంస్థానంలోని భూమిలో దాదాపు అరవై శాతం ప్రభుత్వం శిస్తు వసూలు చేసే దివానీ భూమి. సుమారు ముప్పై శాతం జాగీర్దారుల క్రింద ఉండేది. మిగిలిన సుమారు పది శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. దివానీ భూములలో సైతం దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు రికార్డులు చేతిలో పెట్టుకొని, తరతరాలుగా సేద్యం చేసినవారిని కౌలుదార్లుగా, పాలేర్లుగా మార్చివేశారు. పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో ఇచ్చిన వివరాల ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ క్రింద అరవై గ్రామాలలో 40,000 ఎకరాలు, సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి క్రింద లక్షా 50 వేల ఎకరాలు ఉండేవి.

భూమి ఒక కారణం, వెట్టి రెండవ కారణం. వెట్టి అంటే కూలి తక్కువగా ఇచ్చే పని కాదు, కూలి అన్న మాటే లేని పని. చాకలి దొర గడిలో బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి, గీత కార్మికుడు దొరకు ప్రత్యేకించిన చెట్ల కల్లు దించి పోయాలి. మాదిగ కుటుంబం నుంచి ఒకరు అధికారుల కాగితాలు, కబుర్లు ఒక ఊరినుంచి మరొక ఊరికి మోసుకొని పోవాలి. తపాలా సోదరులు ఈ చివరి మాటను గమనించాలి. ఆనాటి తెలంగాణలో సర్కారు టప్పాను పల్లెనుంచి పల్లెకు చేర్చినవాడు జీతం లేని, సెలవు లేని, కాలికి చెప్పు లేని వెట్టివాడు. వరుసలో ఆయన మనకు పెద్దన్న.

మూడవది అప్పు. నాగుకు తెచ్చిన ధాన్యం తీర్చేసరికి కళ్ళంలో గింజ మిగిలేది కాదు. నాలుగవది, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వచ్చిన లెవీ. ప్రభుత్వం నిర్బంధంగా ధాన్యం సేకరించింది. గాదెలు నిండిన దేశ్‌ముఖ్ తప్పించుకొనేవాడు, తిండిగింజలు దాచుకొన్న పేదరైతు ఇంటిని సోదా చేసేవారు. వీటన్నిటికీ పైన, సొంత భాషలో చదువుకు, సభకు, పత్రికకు అడుగడుగునా ఆటంకాలుండేవి.

అయితే ఈ బాధలు 1946లో కొత్తగా పుట్టినవి కావు. వెట్టి తరతరాలది. బాధ ఒక్కటే విప్లవాన్ని తెచ్చేటట్లయితే ఆ విప్లవం వందేళ్ళ ముందే రావలసింది. కొత్తగా వచ్చినది సంస్థ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ, తొలుత విద్య, గ్రంథాలయాలు, భాష, సంస్కరణలు కోరిన చదువుకొన్నవారి సంస్థ. 1944లో భువనగిరి మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన నాటికి అది రైతుల సంస్థగా మారింది. జనం దానిని ముచ్చటగా "సంగం" అన్నారు. "బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న నోరే సంగంలో చేరిన తరువాత "ఎందుకు?" అని అడగడం నేర్చుకొన్నది.

ఆ ప్రశ్న తొలిసారి గట్టిగా వినిపించిన చోటు పాలకుర్తి. చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకొని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దోచుకొనబోగా, ఆమె వెనుకకు తగ్గలేదు. సంగం కార్యకర్తలు అండగా నిలిచి పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఒక ఇంటి పంట దక్కిన వార్త ఊరూరా ప్రాకింది. సంస్థ అంటే ఏమిటో వెయ్యి ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క పంట చెప్పింది.

1946 జూలై

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో సంగం ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య మరణించాడు. అంతటితో జనం చెదిరిపోతారని దొరలనుకొన్నారు. జరిగినది వేరు. ఊరినుంచి ఊరికి జనం కర్రలు చేతబూని కదిలారు. వెట్టి ఆగిపోయింది.

ఇక మనం ప్రత్యేకించి గుర్తుంచుకోవలసిన తేదీ ఒకటి ఉన్నది. కడవెండి కాల్పులు జరిగిన సరిగా వారం రోజులకు, 1946 జూలై 11న, దేశవ్యాప్తంగా పోస్టుమాన్లు, దిగువశ్రేణి తపాలా సిబ్బంది సమ్మె ప్రారంభించారు. తంతి, ఆర్.ఎం.ఎస్. ఉద్యోగులు క్రమంగా జతకలిశారు. జూలై 29న వారికి సానుభూతిగా కలకత్తా నగరమంతా సార్వత్రిక సమ్మె చేసింది. ఆగస్టులో దక్షిణ భారత రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. సెప్టెంబరు 5న తిరుచిరాపల్లి వద్ద పొన్మలైలో పోలీసు కాల్పులకు కార్మికులు బలయ్యారు. అదే ఏడు ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులు తిరగబడి ఉన్నారు.

ఒకే సంవత్సరంలో నావికుడు, పోస్టుమాన్, రైల్వే కార్మికుడు, తెలంగాణ రైతు కదిలారు. కాని నాలుగు కదలికలూ నాలుగు పాయలుగానే సాగిపోయాయి. కడవెండి రైతుకు సమ్మెలో ఉన్న పోస్టుమాన్ గోడు చేరలేదు. పోస్టుమాన్ కోర్కెల పత్రంలో కడవెండి లేదు. హైదరాబాద్ నగరంలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివారు కార్మిక సంఘాలను నిర్మించి, కార్మికులను రైతు పోరాటానికి దగ్గర చేయడానికి శ్రమించిన మాట నిజం. అయితే అది దేశం మొత్తానికి విస్తరించలేదు.

పల్లెలలో సాధించిన విజయం

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధపోరాటానికి పిలుపునిచ్చారు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం తన సంస్థానాన్ని విలీనం చేయక మొండికేశాడు. కాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు ఊళ్ళమీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వారు జరిపిన మారణకాండను తెలంగాణ నేటికీ మరువలేదు. అటువంటి రోజులలో గెరిల్లా దళాలు గ్రామాలకు రక్షణగా నిలిచాయి.

సుందరయ్య 1972లో ప్రచురించిన గ్రంథం ప్రకారం సుమారు 3,000 గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి. పది లక్షల ఎకరాల భూమి పంపకమైంది. ఒక కుటుంబానికి ఉండదగిన భూమికి మొదట 500 ఎకరాలుగా పెట్టుకొన్న పరిమితిని క్రమంగా 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరికి తగ్గించారు. వెట్టి పోయింది, నాగు పత్రాలు తగులబడ్డాయి, కూలిరేట్లు పెరిగాయి. స్త్రీలు సభలకు వచ్చారు, దళాలలో చేరారు. పంచాయతీలు తగవులు తీర్చాయి.

ఆ మూడువేల గ్రామాలలో విప్లవం విజయం పొందినదా అని అడిగితే, పొందినదనే నా సమాధానం. దొర గడినుంచి పారిపోయాడు, దున్నినవాడు పంట ఇంటికి తెచ్చుకొన్నాడు. విప్లవమన్న మాటకు పల్లెలో ఇంతకుమించిన అర్థం లేదు.

ఎక్కడ ఆగింది?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. ఐదు రోజులలో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైనందుకు జనం సంతోషించారు. కాని సైన్యం వెనుకనే, పారిపోయిన దొరలు కొందరు తిరిగివచ్చారు. అప్పుడు తలెత్తిన ప్రశ్న ఇది: నిజాం పోయిన తరువాత తుపాకి దించాలా, పంచుకొన్న భూమిని నిలుపుకోవడానికి పోరాటం సాగించాలా? ఉద్యమ నాయకులలోనే భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పోరాటం సాగించాలన్న అభిప్రాయం నెగ్గింది. నిజాంకు వ్యతిరేకంగా కలిసివచ్చిన సంపన్న రైతులు పలువురు క్రమంగా తప్పుకొన్నారు. పేదరైతు, కూలీ, అడవులలోని గిరిజనులు మిగిలారు. వెన్నుదన్నుగా ఉండిన సర్కారు జిల్లాలలో సైతం తీవ్ర నిర్బంధం అమలైంది. సుందరయ్య లెక్క ప్రకారం ఈ పోరాటంలో నాలుగువేలమంది కమ్యూనిస్టులు, రైతుయోధులు ప్రాణాలు కోల్పోయారు. పదివేలకు పైగా కార్యకర్తలు ఏళ్ళతరబడి నిర్బంధంలో మగ్గారు.

1951 ఆరంభంలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చించి వచ్చారు. ఆ చర్చల పిదప పార్టీ రూపొందించుకొన్న ఎత్తుగడల పత్రంలో మన శాఖకు సంబంధించిన ఒక ముఖ్యాంశం ఉన్నది. దాని సారాంశం ఇది: రైతుసైన్యం గ్రామాలనుంచి నగరాలను చుట్టుముట్టి గెలిచిన చైనాలో రవాణా సాధనాలు అంతంతమాత్రం. భారతదేశంలో రైల్వేలు, రహదారులు ఎంతో అభివృద్ధి చెంది ఉన్నాయి. ప్రభుత్వం ఎక్కడ కావలిస్తే అక్కడికి త్వరగా బలగాలను తరలించగలదు. కాబట్టి కార్మికుల సమ్మె తోడు లేకుండా రైతుల గెరిల్లా పోరాటం ఒక్కటే ఇక్కడ గెలువజాలదు.

మ్యాపు తీసి చూడండి. భువనగిరి, ఆలేరు, జనగామ, కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిర: పోరాటం రగిలిన ప్రాంతాల గుండానే రైలుమార్గం బెజవాడ దాకా సాగుతుంది. నిజాం కాలంలో సంస్థానపు బొగ్గును, ధాన్యాన్ని మోసిన దారి అది. ఉద్యమం కడగండ్లపాలైన నాళ్ళలోనూ ఆ పట్టాలమీద బళ్ళు ఆగలేదు.

రష్యాలో ఏమి జరిగింది?

ఇదే పాఠాన్ని రష్యా కార్మికులు మనకంటే ముందుగా, పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకొన్నారు. 1905 అక్టోబరులో మాస్కో–కజాన్ రైలుమార్గంలో మొదలైన సమ్మె దేశమంతటి రైల్వేలకు ప్రాకి సార్వత్రిక సమ్మెగా మారింది. జారు చక్రవర్తి దిగివచ్చి శాసనసభను, పౌరహక్కులను వాగ్దానం చేస్తూ ప్రకటన జారీచేశాడు. నవంబరులో తపాలా తంతి ఉద్యోగులు సమ్మెకట్టారు. డిసెంబరులో మాస్కో కార్మికులు ఆయుధాలు పట్టారు. అప్పుడు పెట్రోగ్రాడ్‌ను పీటర్స్‌బర్గ్ అనేవారు. పీటర్స్‌బర్గ్–మాస్కోల నడుమనున్న నికొలాయెవ్‌స్కీ రైలుమార్గం ఒక్కటి మాత్రం నడుస్తూనే ఉన్నది. ఆ లైనుమీదనే సెమ్యోనోవ్‌స్కీ పటాలం మాస్కోకు చేరి తిరుగుబాటును అణచివేసింది. ఆ పటాలంలోని సైనికులెవరు? సైనికదుస్తులు ధరించిన రైతుబిడ్డలు. అంటే 1905లో రైలు ఆగలేదు, రైతు కలిసిరాలేదు.

పన్నెండేళ్ళ తరువాత పరిస్థితి మారింది. మూడేళ్ళ యుద్ధం, రొట్టెకు కరవు, లక్షల మరణాలు జారు పాలనను గుల్లచేశాయి. 1917 ఫిబ్రవరిలో పెట్రోగ్రాడ్‌లో తిరుగుబాటు చెలరేగగా, ఆ వార్తను రైల్వే తంతి దేశంలోని ప్రతి స్టేషనుకూ మోసుకొనిపోయింది. రాజధానికి తిరిగి రాబోయిన జారు రైలు దారి మళ్ళి ప్స్కోవ్ చేరగా, అక్కడ ఆయన సింహాసనం వదులుకొన్నాడు. ఆగస్టులో సేనాధిపతి కోర్నీలోవ్ విప్లవాన్ని అణచడానికి పెట్రోగ్రాడ్‌పైకి పటాలాలను పంపాడు. రైల్వే కార్మికులు పట్టాలు తొలగించారు, బళ్ళను తప్పుదారి పట్టించారు. తంతి ఉద్యోగులు ఆయన ఆజ్ఞలను ముందుకు పోనీయలేదు. దారిలో నిలిచిపోయిన సైనికులతో కార్మికుల ప్రతినిధులు మాట్లాడారు. ఆ దాడి పోరు లేకుండానే కరిగిపోయింది. ఒక సైన్యాన్ని మన వృత్తి సోదరులు చేతి పనిముట్లతో ఆపగలిగిన అరుదైన ఘట్టమిది.

అక్టోబరు 24, 25 తేదీలలో, నేటి లెక్కలో నవంబరు 6, 7 తేదీలలో, బోల్షివిక్ దళాలు పెట్రోగ్రాడ్‌లో వరుసగా వశం చేసుకొన్నవి తంతి కార్యాలయం, రైల్వే స్టేషన్లు, పోస్టాఫీసు, బ్యాంకు, టెలిఫోన్ ఎక్స్చేంజి. రాజప్రాసాదం ఆఖరున చిక్కింది. మరునాడే భూమి శాసనం వెలువడింది. భూస్వాముల భూమిపై హక్కు నష్టపరిహారం లేకుండా రద్దయింది. రైతు, రైతుబిడ్డయైన సైనికుడు కొత్త ప్రభుత్వం వైపు మొగ్గడానికి ఇది ప్రధాన కారణం.

ఇందులో మరొక సంగతిని దాచకూడదు. అక్టోబరు తరువాత రైల్వే ఉద్యోగుల సంఘ కేంద్ర కార్యవర్గం బోల్షివిక్కుల వైపు నిలువలేదు. సోషలిస్టు పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయాలని, లేకుంటే రైళ్ళు ఆపుతామని హెచ్చరించింది. తపాలా తంతి శాఖలోని పై ఉద్యోగులలోనూ ప్రతిఘటన కనిపించింది. అందరూ ఒక్కమాటమీద ఉన్నారని కథ అల్లుకోవడం ఉద్యమానికి మేలుచేయదు. శాఖ మనదైనంత మాత్రాన మనసులు ఒకటి కావు. వాటిని ఒప్పించాలి, కలుపుకోవాలి. ఆ పని సమ్మె నోటీసు ఇచ్చిన నాటికి ముగిసి ఉండాలేగాని ఆనాడు ప్రారంభం కారాదు.

1949 మార్చి 9

మన దేశంలో ఈ సత్యాన్ని నిరూపించిన తేదీ 1949 మార్చి 9. తెలంగాణలో రైతులు పోరాడుతున్న కాలమది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ సమ్మె ఆలోచనను విరమించుకొన్నది. అప్పుడు దాని అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ్. కమ్యూనిస్టు పార్టీ మాత్రం మార్చి 9న రైళ్ళు ఆపితీరాలని, దానితో దేశమంతా లేస్తుందని తలచి పిలుపునిచ్చింది. పెద్దయెత్తున అరెస్టులు జరిగాయి. రైళ్ళు నడిచాయి. సమ్మె విఫలమైంది.

దీనికి రైల్వే కార్మికుణ్ణి నిందించడం అన్యాయం. పిరికితనమే కారణమైతే 1946లో పొన్మలైలో గుండెకు గుండు ఎదురొడ్డినవారెవరు? 1927లో వి.వి. గిరి నాయకత్వాన ఖరగ్‌పూర్‌లో సమ్మెచేసిన బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులు ఎవరు? లోపం తయారీలో ఉన్నది. జీతం, కరవుభత్యం కోసం సంఘంలో చేరిన గ్యాంగ్‌మన్‌కు నల్గొండ రైతు భూమికీ తన జీతానికీ ఉన్న సంబంధం ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పకుండా ఒకనాడు "విప్లవం కోసం బండి ఆపు" అంటే ఆపడు. ఆపకపోవడంలో అతని తప్పు లేదు.

ఓటమిలో మిగిలిన గెలుపు

1951 అక్టోబరు 21న సాయుధపోరాటం విరమించబడినది. గ్రామరాజ్యాలు పోయాయి. పంచిన భూమిలో చాలాభాగం చేజారింది. దీనిని ఓటమి కాదనలేము. కాని సంపూర్ణమైన ఓటమి అయినదా?

1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టం వచ్చి రక్షిత కౌలుదారు హక్కును గుర్తించింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. ఆ ఉద్యమం నల్గొండ జిల్లాలోనే పుట్టడం యాదృచ్ఛికం కాదు. 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్గొండనుంచి దేశంలోనే అత్యధిక ఓట్లు పొంది పార్లమెంటుకు వెళ్ళారు. అన్నిటినీ మించి, వెట్టి పాత రూపంలో మళ్ళీ తలయెత్తలేదు. దొర ముందు తలపాగా తీసి చంకన పెట్టుకొన్న తరంతో ఆ అలవాటు పోయింది. చట్టం రాసిన చెయ్యి ప్రభుత్వానిదే. రాయించినది మాత్రం కడవెండి.

ఇక సోవియట్ యూనియన్ సంగతి. అక్కడ విప్లవం అధికారాన్ని గెలిచింది, భూస్వామ్యాన్ని తుడిచివేసింది, ఫాసిజాన్ని ఓడించడంలో అపారమైన త్యాగం చేసింది. కాని కాలక్రమాన కార్మిక సంఘం పాలకపార్టీ ఆజ్ఞలను క్రిందికి మోసే శాఖగా మారింది. సమ్మె చేయగల స్వతంత్రత దానికి మిగలలేదు. 1991లో ఆ రాజ్యం కూలినప్పుడు, దానిని కాపాడటానికి కార్మికవర్గం వీధులలోకి తరలిరాలేదు. ఏ రాజ్యంలోనైనా, తన పేరిట నడిచే రాజ్యంలోనైనా, సంఘం తన గొంతును తాకట్టు పెట్టరాదన్నది అక్కడినుంచి మనం తీసుకోవలసిన పాఠం.

మన కర్తవ్యం

మిత్రులారా, 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మెలో, 1968 సెప్టెంబరు 19న ఒకరోజు సమ్మెలో, 1974 మే 8 నుంచి ఇరవై రోజులు సాగిన మహత్తర రైల్వే సమ్మెలో మన పెద్దలు ఉద్యోగాలు కోల్పోయారు, జైళ్ళకు వెళ్ళారు. ఆ త్యాగానికి శిరసు వంచి నమస్కరిస్తూనే ఒక మాట చెప్పుకోవాలి. 1974 నాటి మన కోర్కెలు న్యాయమైనవి: ఎనిమిది గంటల పని, బోనసు, కరవుభత్యం. కాని మన సమ్మె ఎందుకో తెలిసిన పల్లెలు ఎన్ని? 1949లో రైతును మనం ఒంటరిని చేశామనుకుంటే, 1974లో మనమూ అంతే ఒంటరిగా నిలిచాము.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన కళ్ళముందే ఉన్నది. 2020 నవంబరు 26న కేంద్ర కార్మిక సంఘాలు సార్వత్రిక సమ్మె జరిపిన రోజుననే రైతులు ఢిల్లీకి కదిలారు. ఏడాదికి పైగా రాజధాని పొలిమేరలలో ఎండకు, చలికి ఓర్చి కూర్చున్నారు. 2021 నవంబరులో మూడు వ్యవసాయ చట్టాలు రద్దయ్యాయి. అది విప్లవం కాదు. అయితే ఒకే తేదీన రెండు వర్గాలు కదలడం సాధ్యమేనని అది చూపింది.

మనం చేయదగినవి పెద్ద మాటలు కావు, చిన్న పనులు. గ్రామీణ డాక్ సేవక్‌ను చూడండి. వేరొక జీవనాధారం చూపించుకొన్న తరువాతనే అతనికి ఆ పని ఇస్తారు. పల్లెలో ఆ ఆధారం చాలావరకు పొలమే. ఉదయం ఉత్తరాలు, సాయంత్రం నాగలి: కార్మికుడూ రైతూ ఒకే మనిషిలో ఉన్నారు. అతని కోర్కెలను మన సభలలో చివరి తీర్మానంగా కాక మొదటి తీర్మానంగా పెట్టుదాం. పట్టాలవెంబడి మైళ్ళు నడిచే ట్రాక్‌మన్ ప్రతిరోజూ రైతు పొలం గట్టున నడుస్తున్నాడు. ఆ రైతుతో అతడు తన సంఘాన్ని గురించి మాట్లాడగలిగేటట్లు అతనికి సంఘం విషయాలు తెలియజేద్దాం. పంటకు గిట్టుబాటు ధరపై ఒక తీర్మానం, 2004 తరువాత చేరిన ఉద్యోగులు కోల్పోయిన పాత పెన్షనుపై ఒక తీర్మానం, రెండూ ఒకే కాగితంమీద రాసి ఊరికి పంపుదాం. తంతి సేవ 2013లో ముగిసినది. ఇప్పుడు కబురు పంపడానికి తంతి అక్కరలేదు, కబురు ఉండాలి.

నన్ను అడిగిన యువ మిత్రునితో ఈ మాట చెప్పి ముగిస్తాను. నాయనా, తెలంగాణ కథ ఓడినవారి కథే అనుకుందాం. ఆ ఓటమిలో సగం కారణం నల్గొండ పొలాలలో ఉన్నది. మిగిలిన సగం మన ప్లాట్‌ఫారాలమీద, మన కౌంటర్లలో ఉన్నది. పొలంలో ఉన్న సగాన్ని వారు తమ ప్రాణాలతో సరిచూసుకొన్నారు. మన సగం లెక్క ఇంకా తేలలేదు. అందుకే ఈ కథ మనకు కావాలి.

సెలవు.